ఇనుప వలను నెగటివ్ బస్‌బార్‌కు డయోడ్‌తో కలిపి ఉంచాలా? – డీసీ మెట్రోల తుప్పుపై చర్చ

వంతెనల_పని:
హైదరాబాద్ మెట్రో 25 కిలోవోల్టుల ఏసీతో నడుస్తుంది కాబట్టి, డీసీ కరెంటు లీకై లోహాన్ని తినే ఈ సమస్య మన దగ్గర అంతగా చర్చకు రాదు. బెంగళూరు, కొచ్చి, కోల్‌కతా మెట్రోలు మాత్రం 750 వోల్టుల డీసీ థర్డ్ రైల్ (పట్టాల పక్కన ఉండి రైలుకు కరెంటు ఇచ్చే మూడో పట్టా) మీద నడుస్తాయి. అక్కడ పట్టాల గుండా సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొంత నేలలోకి లీకై, దగ్గరలోని పైపుల్లోకీ కాంక్రీటు ఊచల్లోకీ ఎక్కి, సబ్‌స్టేషన్ సమీపంలో మళ్లీ మట్టిలోకి దిగే చోట ఆ లోహాన్ని కరిగిస్తుంది. ఈ కరెంటును పట్టుకోవడానికే ట్రాక్ కింది కాంక్రీటులో ఊచలను వెల్డింగ్ చేసి వలలా అమర్చుతారు. ఆ వలను నెగటివ్ బస్‌బార్‌కు (తిరిగి వచ్చే కరెంటు సబ్‌స్టేషన్‌లో చేరే లోహపు కడ్డీకి) డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే పరికరం) ద్వారా శాశ్వతంగా కలిపి ఉంచాలని నా వాదన. కరెంటుకు కేబుల్ దారి ఇస్తే, అది ఊచ నుంచి మట్టిలోకి దిగాల్సిన అవసరమే ఉండదు కదా.

తుప్పు_నివారణ:
కేబుల్ గుండా వెళ్లే కరెంటు లోహాన్ని కరిగించదన్నది నిజమే. అయితే లీకయ్యే కరెంటు ఎంతన్నది ముందే ఖాయమైపోయినట్టు మీరు మాట్లాడుతున్నారు. రెండు పట్టాలు కలిపి కిలోమీటరుకు సుమారు 0.0175 ఓం నిరోధం ఉందనుకుందాం. కిలోమీటరు దూరంలోని రైలు 2,000 ఆంపియర్లు తీసుకుంటే పట్టాల వెంట 35 వోల్టుల తేడా వస్తుంది. పట్టాలను ఎర్త్ చేయని (నేలకు కలపని) వ్యవస్థలో ఇది రైలు దగ్గర ప్లస్ 17.5, సబ్‌స్టేషన్ దగ్గర మైనస్ 17.5 వోల్టులుగా పంచుకుంటుంది. లీకేజీ రైలు వైపు సగం దూరంలోనే జరుగుతుంది. మీ డయోడ్ పనిచేయడం మొదలుపెట్టగానే సబ్‌స్టేషన్ చివర దాదాపు నేల వోల్టేజీకి వచ్చేస్తుంది, దాంతో 35 వోల్టులూ రైలు వైపే పడి, దారి పొడవునా కరెంటు లీకవుతుంది. ఇన్సులేషన్ అంతటా ఒకేలా ఉంటే మొత్తం లీకేజీ నాలుగింతలవుతుంది. ఇనుము నుంచి ఒక ఆంపియరు ఏడాదంతా బయటికి పోతే సుమారు 9 కిలోల లోహం కరుగుతుంది. మీ వలకు చిక్కని భాగం ఎవరి పైపును తింటుందో కూడా చెప్పండి.

గ్యాస్_లైను:
ఈ లెక్క పట్టాల వైపు నుంచి వేసినది. పైపు వైపు నుంచి చూస్తే సంగతి వేరు. కోటింగ్ బాగున్న పైపుకే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే కరెంటంతా గుండుసూది మొనంత లోపం గుండా బయటికి పోయి అక్కడే గొయ్యి తవ్వుతుంది. పైపు వోల్టేజీని కొలవడానికి కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌ను నేల మీద ఆనించి చూస్తుంటే, తుప్పు పట్టకుండా ఉండాలంటే మైనస్ 850 మిల్లీవోల్టుల కంటే కిందనే ఉండాల్సిన రీడింగు, రైలు స్టేషన్ నుంచి కదిలిన ప్రతిసారీ పైకి ఎగబాకడం కనిపిస్తుంది. అటువంటి చోట నాకు డ్రైనేజీ బాండ్ (పైపులోకి ఎక్కిన కరెంటును సబ్‌స్టేషన్ నెగటివ్‌కు తిప్పి పంపే కేబుల్) ఇవ్వకుండా పట్టాల ఇన్సులేషన్ బాగుపడేదాకా ఆగమంటే, పైపు ఆగదు.

వంతెనల_పని:
భద్రత సంగతి కూడా ఉంది. ఎర్త్ చేయని పట్టాల మీద వోల్టేజీ పెరిగితే ప్లాట్‌ఫాం మీద నిలబడి రైలును ముట్టుకున్న ప్రయాణికుడికి అపాయం. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 50122-1 దీర్ఘకాలిక స్పర్శ వోల్టేజీని 120 వోల్టులకు పరిమితం చేసింది.

తుప్పు_నివారణ:
దానికి స్టేషన్లలో వోల్టేజీ పరిమితి పరికరాలు ఉంటాయి. హద్దు దాటినప్పుడు మాత్రమే అవి పట్టాలను ఎర్త్‌కు కలుపుతాయి. అవి మాటిమాటికీ మూసుకుంటున్నా, మూసుకుని అలాగే ఉండిపోయినా వ్యవస్థలో ఏదో లోపముందని అర్థం.

గ్యాస్ లైను గారు చెప్పిన చోట బాండ్ ఇవ్వాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. డయోడ్‌తో పాటు నిరోధకం, అమ్మీటరు, తెరవగలిగే స్విచ్ ఉండాలి. పక్కనున్న మంచినీటి పైపు రీడింగును కూడా అదే సమయంలో చూడాలి, ఎందుకంటే ఒక పైపును కాపాడే బాండ్ దాని పొరుగు పైపు నుంచి కరెంటు లాగవచ్చు. నేను వద్దంటున్నది కొలవకుండా అంతటా వేసే శాశ్వత బాండ్లను. అవి ఉన్నచోట లీకేజీ అంతా సజావుగా తిరిగివస్తున్నట్టు కనిపిస్తుంది, పట్టా కింద కరెంటు దిగకుండా వేసే రబ్బరు ప్యాడ్ ఎలా ఉందో చూడాలని ఎవరికీ తోచదు. వాన పడ్డాక పట్టాను బిగించే క్లిప్పు చుట్టూ బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి, బురద కలిసి ముద్దగా అంటుకుంటే, ఎంత మంచి రబ్బరు ప్యాడ్ ఉన్నా కరెంటు దాని పక్క నుంచే దిగిపోతుంది. దాన్ని కడిగి తీయడమే అసలు పని. లండన్ అండర్‌గ్రౌండ్‌లో రిటర్న్ కరెంటుకు ఏకంగా నాలుగో పట్టా వేసి, నడిచే పట్టాలను ఆ బాధ్యత నుంచే తప్పించారు. కొత్తగా కట్టే లైన్లకు ఆ ఖర్చు భరించడం కష్టం.

గ్యాస్_లైను:
ఒక్కటి చేర్చాలి. బ్రేకు వేసే రైలు తిరిగి ఇచ్చే కరెంటును దూరంలో ఉన్న మరో రైలు వాడుకుంటుంది, కాబట్టి కరిగే చోటు సబ్‌స్టేషన్ దగ్గరే ఉంటుందన్న నమ్మకం లేదు. బాండ్ ఎక్కడ వేయాలో తేల్చే ముందు రెండు పక్షాలూ కలిసి, రద్దీ వేళలతో పాటు రైళ్లు ఆగిపోయే రాత్రి వేళను కూడా కలుపుకొని, 24 గంటల రికార్డు తీసుకోవాలి.