ఐదు వారాల కుందేలు పిల్లలు: ఇప్పుడేం పెట్టాలి, పెరిగేకొద్దీ ఏం మార్చాలి?

సంధ్య_నయీంనగర్:
అందరికీ నమస్కారం. మాది హన్మకొండ నయీంనగర్, రెండో అంతస్తులో ఉంటాం. పిల్లలు అడిగారని రెండు కుందేలు పిల్లలను తెచ్చాం. ఐదు వారాలవని, రెండూ ఆడవేనని షాపతను చెప్పాడు. వంటింటి కాటా మీద పెడితే ఒకటి 420 గ్రాములు, ఇంకోటి 390 తూగింది. ఇన్నాళ్లూ కోళ్ల దాణా, క్యాబేజీ ఆకులు పెట్టారట. అవే పెట్టమని కిలో దాణా కట్టిచ్చాడు. క్యారెట్ వేస్తే ఎగబడి తింటున్నాయి. వీటికి అసలు తిండి ఏది, ఎంత పెట్టాలి? ఏ వయసులో ఏం మార్చాలి? పాలు పట్టాలా? మా దగ్గర ఎండు గడ్డి ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

గడ్డిమోపు:
సంధ్య గారూ, ముందు ఆ కోళ్ల దాణా సంగతి తేల్చేయండి. బ్రాయిలర్ దాణాలో కోళ్లకు రక్తపారుడు రాకుండా మందులు కలుపుతారు. వాటిలో శాలినోమైసిన్, నరాసిన్ లాంటివి కుందేళ్లకు విషం. మందు కలపని దాణా అయినా అందులో మొక్కజొన్న పిండే ఎక్కువ, పీచు బాగా తక్కువ. ఈరోజే ఆపేయండి. మామూలుగా తిండిని ఒక్కసారిగా మార్చొద్దు, 7 నుంచి 10 రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. ఇక్కడ పాతదే ప్రమాదం కాబట్టి దాణా వెంటనే మానేసి, ఎండు గడ్డి ఎంత తింటే అంత వేయండి. కుందేలు పెల్లెట్లు (నొక్కి చేసిన మేత గుళికలు) చిన్న చారెడుతో మొదలుపెట్టండి. క్యాబేజీ కూడా ప్రస్తుతానికి ఆపండి, గ్యాస్ పడుతుంది. పాలు అక్కర్లేదు. తల్లిని వదిలి గడ్డి కొరుకుతున్న పిల్లకు ఆవు పాలు పడితే విరేచనాలే. నిజానికి ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉంచాల్సిన పిల్లలివి. అందుకే వచ్చే మూడు వారాలు కొత్త రుచులేవీ వద్దు.

కుందేలుకు అసలు తిండి గడ్డి. పెద్ద కుందేలు తినేదాంట్లో నూటికి ఎనభై పాళ్లు గడ్డే ఉండాలి. కారణాలు రెండు. ఒకటి, దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. గడ్డిని పక్కలకు నమిలినప్పుడే దవడ పళ్లు సమంగా అరుగుతాయి. గింజలు, మెత్తటి తిండి నమిలితే ఆ అరుగుదల ఉండదు. పళ్లు కొక్కేల్లా పెరిగి నాలుకను, బుగ్గను కోస్తాయి. రెండు, పేగు కదలాలంటే పొడవాటి పీచు కావాలి. పీచు తగ్గి పిండిపదార్థం పెరిగితే పెద్దపేగు తిత్తిలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం తయారుచేసేవి పెరుగుతాయి. చిన్న పిల్లలు ఒక్క రాత్రిలో పోయేది ఇలాగే. అన్నం, రొట్టె, బిస్కెట్, మక్క గింజలు, అటుకులు ముద్దుకైనా పెట్టొద్దు.

మూడు నెలల దాకా గడ్డితో పాటు పెల్లెట్లు కాస్త ధారాళంగానే పెట్టొచ్చు, ఎదిగే వయసు కాబట్టి. కొనేటప్పుడు సంచి మీద పీచు 18 శాతానికి తగ్గకుండా ఉందో లేదో చూడండి. రంగురంగుల గింజలు, ఎండు పండ్ల ముక్కలు కలిపిన దాణా కొనొద్దు, తీపివి ఏరుకుని తిని మిగతాది వదిలేస్తాయి. మూడు నుంచి ఆరు నెలల మధ్య పెల్లెట్లు వారం వారం తగ్గిస్తూ రావాలి. ఆరు నెలలు దాటాక కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు, అంతకు మించొద్దు. అంటే కిలోన్నర కుందేలుకు 35, 40 గ్రాములు. కాటా ఉందిగా, గిన్నెతో కొలవకుండా తూచే పెట్టండి. ఒక్కో కంపెనీ గుళిక ఒక్కో బరువు.

ఆకుకూరలు పన్నెండో వారం నుంచి. ఒక్కోసారి ఒకే కూర, మొదటి రోజు రెండు మూడు కాడలు. మర్నాడు పెంటికలు గట్టిగానే ఉంటే పెంచండి, మెత్తబడితే ఆపేయండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ పైన ఉండే ఆకు రోజూ పెట్టినా ఫర్వాలేదు. పాలకూర, తోటకూర, గోంగూరలో ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పెద్దయ్యాక కిలో బరువుకు పెద్ద గుప్పెడు ఆకు సరిపోతుంది. క్యారెట్ దుంపలో చక్కెర ఉంటుంది, అందుకే ఎగబడతాయి. అది ఆరు నెలలు దాటాక వారానికి రెండుసార్లు వేలెడు ముక్క. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొలకలు, టమాటా ఆకు, చాక్లెట్ అసలు దగ్గరికే రానివ్వద్దు.

నీళ్లు కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్ల దాకా తాగుతాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. బుడ్డి కన్నా బరువైన మట్టి మూకుడు మేలు.

జమ్మికుంట_రైతు:
గడ్డి సంగతి నేను చెప్తా చెల్లె. ఆన్‌లైన్‌ల తిమోతి గడ్డి దొరుకుతది గని రెండు కుందేళ్లకు అదే కొనుక్కుంట పోతె మస్తు ఖర్సు. మన గరిక ఎండబెడితె సాలు, అంతకన్న మంచి గడ్డి లేదు. కంకి రాకముందే కొయ్యాలె. మంచు ఆరినంక పొద్దున తొమ్మిది, పది గంటలకు కోసి, నీడకు, గాలి తగిలే కాడ పల్చగ పరవాలె. దినం రెండుసార్లు తిరగేయాలె. రెండు మూడు రోజులల్ల కాడ ఇరిస్తె టప్పున ఇరగాలె, రంగు మాత్రం పచ్చగనే ఉండాలె. తెల్లగ పాలిపోతె ఎండ ఎక్కువైనట్టు, సారం పోతది. కాడ ఇంకా వంగుతుంటె సంచిల నింపొద్దు, లోపల వేడెక్కి బూజు పడతది. గోనె సంచిల పెట్టి గోడకు ఆనకుంట ఎత్తుల ఉంచాలె. ప్లాస్టిక్ కవర్ల కట్టొద్దు. బూజు వాసన ఏ కొంచెం వచ్చినా పారేయుడే, కడిగి పెడదాం అనుకోవద్దు.

ఎక్కడ కోస్తున్నరో సూసుకోవాలె. పత్తి చేన్ల గట్లు, వరి మడి ఒడ్లు గడ్డి మందు కొట్టే జాగలు. పైకి పచ్చగనే కనవడుతది, మందు కొట్టి రెండు రోజులే అయ్యుంటది. రోడ్డు పక్క గరికల వయ్యారిభామ కలిసి ఉంటది, ఒక్కొక్క పోచ ఏరాలె. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు ఆకు ఒక్కటి కూడ పోవద్దు. జొన్న లేత మొలకలు, నీళ్లు లేక వాడిపోయిన జొన్న పైరు పెట్టొద్దు. నాము విషం పశువునే పడగొడతది, కుందేలెంత? సుబాబుల్ గూడ వద్దు, అందుల మైమోసిన్ అనే పదార్థం ఉంటది, రోజూ పెడితె బొచ్చు రాలుతది.

వరిగడ్డి కింద పరవనీకి మంచిది. కొరికితె ఏం గాదు గని అదే కడుపు నింపే తిండి గాదు, సారం లేదు. పచ్చి మేత దొరికితె గినీ గడ్డి, దశరథ గడ్డి, మల్బరీ ఆకు పెట్టొచ్చు. ఎదిగే పిల్లలకు లూసర్న్, పిల్లిపెసర మంచి బలం. పాడి రైతులను అడిగితె చిన్న కట్ట ఇస్తరు. కోసిన పచ్చి గడ్డిని కుప్ప పెట్టొద్దు, ఉడికి పులుస్తది. అది తింటె కడుపు ఉబ్బుడు ఖాయం. లూసర్న్ నేనైతె పెద్దయినంక గూడ ఆపమనను, బలమైన మేత.

పశువైద్యం_కరీంనగర్:
చివరి మాట ఒక్కటి సరిదిద్దాలి అన్నా. మాంసం కోసం మూడు నెలలకే అమ్మే కుందేలుకు లూసర్న్ ఎంత పెట్టినా లెక్క లేదు. ఇంట్లో ఎనిమిది, పదేళ్లు బతికే కుందేలు వేరు. కుందేలు పేగు తిండిలో ఎంత కాల్షియం ఉంటే అంతా పీల్చుకుంటుంది, ఎక్కువైంది మూత్రంలో వదులుతుంది. ఎదుగుదల ఆగాక కూడా లూసర్న్, మునగాకు రోజూ పెడితే మూత్రం సున్నం నీళ్లలా చిక్కబడి, తర్వాత రాళ్లు వస్తాయి. ఆరేడు నెలలకు లూసర్న్ పూర్తిగా ఆపి గరికకు మారాలి. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో కనిపిస్తే మాత్రం వెంటనే భయపడొద్దు, ఆకుల్లోని రంగు వల్ల చాలాసార్లు అలా వస్తుంది. ముక్కుతూ చుక్కచుక్క పోస్తేనో, రక్తపు గడ్డలు కనిపిస్తేనో చూపించాలి.

సంధ్య గారూ, మీరు రోజూ చూడాల్సింది పెంటికలు. మంచి పెంటిక గుండ్రంగా, పొడిగా, శనగ గింజంత ఉంటుంది. వేళ్లతో నలిపితే లోపల గడ్డి నలుసులే కనబడాలి. సైజు తగ్గి నల్లబడ్డాయంటే గడ్డి చాలట్లేదు. వెంట్రుకతో దండలా కలిసి వస్తుంటే బొచ్చు రాలే కాలం, రోజూ దువ్వండి. తెల్లవారుజామున మెరుస్తూ, మెత్తగా, గుత్తిగా వచ్చేవి వేరు. వాటిని కుందేలు నేరుగా మలద్వారం దగ్గరే తినేస్తుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు అలా మళ్లీ ఒంటబడతాయి, అది రోగం కాదు. అవి తినకుండా కింద వదిలేస్తుంటే పెల్లెట్లో, తీపి తిండో ఎక్కువైనట్టు.

ఈ వయసు పిల్లలను ఎక్కువగా చంపేది కాక్సిడియోసిస్, అంటే కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే రోగం. పొట్ట ఉబ్బుతుంది, వెన్నెముక చేతికి తగులుతుంది, పలచటి విరేచనాలు, బరువు పెరగదు. ఈ పరాన్నజీవి గుడ్లు పెంటికల్లో పడగానే అంటుకోవు. తేమ, వేడి దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదిరి అప్పుడు అంటుకుంటాయి. అందుకే రోజూ ఊడ్చి నేల పొడిగా ఉంచడమే సగం వైద్యం. వానాకాలంలో రోజుకు రెండుసార్లు. గడ్డిని కింద వేయకుండా గోడకు తగిలించిన జాలీ బుట్టలో వేయండి. ఇప్పుడే తాజా పెంటికలు ఒక చిన్న డబ్బాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించండి. మీకు మామునూరు పశువైద్య కళాశాల దగ్గరే. వారానికోసారి ఒకే వేళకు తూచి రాసుకోండి. ఈ వయసులో బరువు పెరగని వారం ఉండకూడదు.

కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాం అనుకోవద్దు. మూలకు ముడుచుకుని కూర్చోవడం, పళ్లు కొరకడం, చెవులు చల్లబడటం, పెంటికలు ఆగిపోవడం, ఇవి పేగు నిలిచిపోయిన లక్షణాలు. పొట్ట డప్పులా బిగిసి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా తీసుకెళ్లండి. మెత్తగా ఉంటే సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి మిల్లీలీటరు చొప్పున నీళ్లు పట్టొచ్చు.

ఇంట్లో ఉన్న మందులు వేయొద్దు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులన్నీ పోయి కుందేలు చనిపోతుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ చుక్కలూ అంతే ప్రమాదం. చెవిలో గోధుమ రంగు పెచ్చులు కడితే గజ్జి. దానికి ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేస్తుంది, మోతాదు బరువును బట్టి డాక్టరే వేయాలి. పెచ్చులను మీరు గీకొద్దు, చాలా నొప్పి.

ఇంకోటి, రెండూ ఆడవేనన్న మాట నమ్మొద్దు. ఐదు వారాలకు అనుభవం ఉన్నవాళ్లే పొరబడతారు. పది వారాలకు మళ్లీ చూపించండి. ఒకటి మగదైతే పన్నెండు వారాలకల్లా వేరు చేయాలి. చూలు 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. మగదానికి నాలుగు నెలలకు, ఆడదానికి ఆరు నెలలకు ఆపరేషన్ చేయించడం మంచిది. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్లలో వయసు పెరిగాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. ఆపరేషన్ ముందు రాత్రి ఉపవాసం ఉంచమంటే ఒప్పుకోవద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, కడుపు ఖాళీ అయితే పేగు ఆగుతుంది.

సంధ్య_నయీంనగర్:
చాలా థ్యాంక్స్ అండీ. దాణా పారేశాను, రేపే పెంటికలు తీసుకెళ్తాను. మాది పై అంతస్తు, ఎండాకాలం స్లాబ్ కాలిపోతుంది. బాల్కనీలో జాలీ బోను పెడదామనుకున్నాం. సరిపోతుందా?

కాజీపేట_లలిత:
బాల్కనీ వద్దు సంధ్యా. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో 44, 45 కూడా చూస్తాం. పైగా కోతులు. జాలీ లోపలికి చెయ్యి రాకపోయినా కోతి బోను పట్టుకుని ఊపితే ఆ బెదురుకే కుందేలు చచ్చిపోవచ్చు. కింది అంతస్తుల్లో అయితే పందికొక్కులు పిల్లలను ఎత్తుకుపోతాయి.

ఇంట్లో ఎండ పడని గది మూల చూడండి. కింద షాబాద్ బండ వేస్తే దానిమీదే పరుచుకుని పడుకుంటాయి. లీటరు సీసాలో నీళ్లు పోసి గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. కూలర్ ఏప్రిల్, మే పొడి గాలికి బాగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి పెట్టాలి. వానలు మొదలయ్యాక కూలర్ వల్ల తేమే పెరుగుతుంది, ఫ్యాన్ చాలు. నోరు తెరిచి ఎగపోస్తున్నా, చొంగ కారుతున్నా వడదెబ్బే. చెవులకు మామూలు చల్లటి నీళ్లు తడుపుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచొద్దు. అసలు స్నానమే వద్దు, తడిసిన బొచ్చు ఆరదు, బెదురు వేరే.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోను రాత్రి పడుకోవడానికి మాత్రమే. రోజూ మూడు నాలుగు గంటలైనా గదిలో తిరగాలి. కరెంటు వైర్లు ముందే పైకి కట్టండి, చూడగానే కొరికేస్తాయి. అడుగున ఉత్త జాలీ ఉంటే వెనక కాళ్ల మడమలు పుండ్లు పడతాయి. ఈత చాప వేయండి, కొరికినా నష్టం లేదు. గోనె పట్టా, రగ్గు దారాలు మింగితే పేగుకు అడ్డం పడతాయి. మూత్రానికి ఒక ట్రేలో పేపరు, పైన వరిగడ్డి చాలు. ఊక, రంపపు పొట్టు దుమ్ముకు కళ్లు, ముక్కు కారతాయి.

గోళ్లు నెల, నెలన్నరకోసారి కత్తిరించాలి. లోపల గులాబీ రంగు నరం కనిపిస్తుంది, దానికి ముందే ఆపాలి. నల్ల గోళ్లయితే వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. ఎత్తేటప్పుడు చెవులు పట్టుకోనివ్వొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద ఉండాలి. వెనక కాళ్లు గాలిలో వదిలేస్తే అది తన్నుకునే ఊపుకు దాని నడుమే విరుగుతుంది. చిన్న పిల్లలైతే నేల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకోవడమే.

జమ్మికుంట_రైతు:
లూసర్న్ మాట సమజైంది డాక్టర్ సాబ్, ఆరు నెలలకు ఆపమనే చెప్త ఇగ. చెల్లె, గరిక కోసం హుజూరాబాద్ దిక్కు వస్తే చెప్పు, మందు కొట్టని జాగ చూపిస్త. చేన్ల దొరికిన చెవులపిల్లి కూనను గూడ వీటితోటి పెంచుదామని ఎవరన్నా తెచ్చిస్తె తీసుకోకు. అది అడవి జాతి, 1972 వన్యప్రాణి చట్టం కింద పెంచుడు నేరం. తల్లి దినానికి ఒకటి రెండుసార్లే వచ్చి పాలిచ్చి పోతది, ఒంటరిగ కనవడితె దిక్కులేనిదని గాదు. ఉన్నకాడనే ఇడిసిపెట్టాలె.

పశువైద్యం_కరీంనగర్:
పరీక్షలో కాక్సిడియా వచ్చినా కంగారు పడకండి, మందు ఉంది. రెండింటికీ కలిపే వేయించండి, ఒకదానికి వేసి ఇంకోదాన్ని వదిలేస్తే మళ్లీ అంటుకుంటుంది. మందు వాడినన్ని రోజులూ ట్రే, గిన్నెలు రోజూ మరిగే నీళ్లతో కడగండి. మామూలు ఫినాయిల్‌కు ఆ గుడ్లు చావవు, వేడికే చస్తాయి. బరువులు, రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, పెల్లెట్లు ఎంత ఇవ్వాలో లెక్క చూద్దాం.