ఇంగ్లండ్ నాటక సమాజాలకు ఏటా ఇచ్చే పురస్కారాలు: కొత్తగా వచ్చినవారికి సలహా కావాలి

యార్క్‌షైర్ నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మన దగ్గర ఎనిమిదేళ్లపాటు పరిషత్తు నాటికల్లో వేషాలు వేశాను, ఉత్తమ సహాయ నటి బహుమతి రెండుసార్లు అందుకున్నాను. ఇక్కడికి వచ్చిన మూడో నెలలోనే మా పట్టణంలో చర్చి హాలులో నాటకాలు ఆడే ఒక ఔత్సాహిక సమాజంలో చేరాను. వసంతంలో వేసిన నాటకంలో నాకు ఇంటి పనిమనిషి వేషం ఇచ్చారు. రెండో రాత్రి నోడా (ఔత్సాహిక నాటక సమాజాల సంఘం) ప్రతినిధి అంటూ ఒక పెద్దమనిషి వచ్చి, మూడో వరుసలో కూర్చుని చూసి, అందరితో మర్యాదగా మాట్లాడి వెళ్లారు. మూడు వారాల తర్వాత ఆయన రాసిన నివేదిక వచ్చింది. అందులో నా గురించి ఒక్క వాక్యమే ఉంది, ప్రధాన పాత్రధారికి మాత్రం ఒక పేరా రాశారు. వీటిని బట్టే ఏటా పురస్కారాలు ఇస్తారని మా సమాజంవారు చెబుతున్నారు. మార్కులు ఎక్కడ వేస్తారో, మేము ఎవరితో పోటీ పడుతున్నామో, ఎవరికి ఎప్పుడు ఎలా బహుమతి వస్తుందో నాకు అర్థం కాలేదు. పరిచయాలున్నవారికే వస్తుందని ఒకరు చెవిలో అన్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

లెస్టర్ నుంచి జవాబు

అమ్మా, మీ ప్రశ్న చదువుతుంటే పద్నాలుగేళ్ల కిందటి నేనే కనిపించాను. మీ అయోమయమంతా పరిషత్తు లెక్కతో ఈ పద్ధతిని కొలవడం వల్ల వచ్చింది. పరిషత్తులో సమాజాలన్నీ ఒకే వేదిక మీదికి వచ్చి, వరుసగా అయిదారు రాత్రులు ఆడితే, ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతలు అందరినీ పక్కపక్కనే చూసి మార్కులు వేసి, ఆఖరి రాత్రి ఉత్తమ ప్రదర్శన, ద్వితీయ ఉత్తమ ప్రదర్శన అంటూ పేర్లు చదువుతారు. ఇక్కడ నోడా పద్ధతిలో వేదిక మీది, చూసే మనిషే మీ ఊరికి వస్తాడు. నంది నాటకోత్సవాల తొలి ఎంపికలో న్యాయనిర్ణేతలు ఊరూరా తిరిగి నాటకాలు చూసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, దానికి ఇది కొంత దగ్గర.

నోడా అంటే నేషనల్ ఆపరాటిక్ అండ్ డ్రమాటిక్ అసోసియేషన్. 1899లో పుట్టింది. పేరులో ఆపెరా ముందు ఉండడానికి కారణం, ఆ కాలంలో ఔత్సాహిక సమాజాల్లో చాలా భాగం గేయనాటకాలు ఆడేవి కావడమే. దేశాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతంలో మళ్లీ చిన్న చిన్న పరిధులు చేసి, ఒక్కొక్క పరిధికి ఒక ప్రతినిధిని పెట్టారు. ఆయనో ఆమెనో జీతం తీసుకోకుండా, సాయంత్రాలు కారు నడుపుకుంటూ తమ పరిధిలోని సభ్య సమాజాల ప్రదర్శనలకు వెళ్లి, నివేదికలు రాస్తారు. సంవత్సరం పొడుగునా చూసిన వాటి నుంచి ఉత్తమ నాటకం, ఉత్తమ సంగీత నాటకం, ఉత్తమ యువ ప్రదర్శన వంటి విభాగాలకు కొన్ని పేర్లు ఎంచుతారు. ఆ పేర్ల నుంచి ప్రాంతం మొత్తానికి విజేతలను నిర్ణయించి, వార్షిక సమావేశంలో ప్రకటిస్తారు. ఏ విభాగాలు ఉంటాయి, ఏ నెల నుంచి ఏ నెలవరకు లెక్క అనేది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కనుక, మీ సమాజ కార్యదర్శిని అడిగి మీ ప్రాంతపు నియమాల ప్రతి తీసుకోండి.

ఇక పరిచయాల మాట. ప్రతినిధికి ప్రతి సమాజంతోనూ పరిచయం ఉంటుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి వచ్చేది ఆ మనిషే. దాన్ని పక్షపాతం అనుకుంటే ఈ వ్యవస్థలో ఎవరూ మిగలరు. నాకు నిజమైన లోపంగా తోచేది వేరే ఉంది: నాటకాలన్నింటినీ ఒకే రాత్రి, ఒకే కళ్లతో చూడడం కుదరదు కాబట్టి, జనవరిలో చూసిన నాటకాన్ని నవంబరులో చూసిన దానితో పోల్చవలసిన భారం ఆ ఒక్క మనిషి జ్ఞాపకం మీద పడుతుంది. అందుకే సంవత్సరం చివర జాబితా చూసి నొచ్చుకోవద్దని మా దర్శకురాలు ప్రతి ఏడూ చెబుతారు, ప్రతి ఏడూ ముందుగా నొచ్చుకునేది కూడా ఆవిడే.

మీకు అన్నిటికంటే పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఆహ్వానం ఆలస్యమైతే ప్రతినిధి డైరీలో ఖాళీ ఉండదు, చూడని నాటకం పేరు జాబితాకు ఎక్కదు. నాటకం తేదీలు ఖరారు కాగానే ఉత్తరం వెళ్లేలా చూడండి. మా సమాజంలో ఒక సంవత్సరం ఈ పని అందరిదీ అనుకున్నందువల్ల చివరికి ఎవరూ చేయలేదు. ఆ ఏటి మా నాటకం నా అభిప్రాయంలో మేము ఇప్పటిదాకా ఆడినవాటిలో అన్నిటికన్నా మంచిది, దానికి నివేదిక కూడా లేదు.

రెడింగ్ నుంచి మరొక సభ్యురాలు

పై సోదరుడు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నేను పదేళ్లుగా మా సమాజంలో స్టేజ్ మేనేజర్‌గా ఉంటున్నాను, వేషం వేసింది రెండుసార్లే. నివేదికను మీరు మీ పేరు ఎక్కడుందో వెతుక్కుంటూ చదివారని ఊహిస్తున్నాను. (నేనూ అలాగే చదివేదాన్ని.) మళ్లీ ఒకసారి నిదానంగా చదవండి. మన దగ్గర నటనకు వచ్చే బహుమతుల వెలుగులో ఆహార్యం, రంగాలంకరణ బహుమతులు కాస్త మసకగా ఉంటాయి. ఇక్కడి నివేదికలో సెట్ మార్పులు ఎంత నిశ్శబ్దంగా జరిగాయి, తలుపు మూసినప్పుడు గోడ ఊగిందా, లైట్లు ముఖాల మీద పడ్డాయా, చివరి వరుసకు మాట వినిపించిందా, హాలు గుమ్మం దగ్గర ప్రేక్షకులను ఎలా పలకరించారు అన్న విషయాలకు కూడా చోటుంటుంది. కరపత్రంలో నటీనటుల వివరాలు ఎలా అచ్చు వేశారో కూడా చూస్తారు. ప్రోగ్రామ్ పుస్తకాలకూ పోస్టర్లకూ నోడాలో ప్రత్యేకంగా పోటీ ఉంది, చాలామంది కొత్తవారికి ఇది తెలియదు.

మీ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం ఏమిటో మీరు చెప్పలేదు. చిన్న పాత్రకు ఒక వాక్యం రావడం ఇక్కడ తక్కువేమీ కాదు. నటీనటులు పదిహేను మంది ఉన్న నాటకంలో సగం మందికి అది కూడా దక్కదు. అయినా ఇప్పుడిప్పుడే చేరినవారు వచ్చే నాటకంలో ఏదో ఒక తెరవెనుక పని కూడా అడిగి తీసుకుంటే మంచిదని నా సలహా. సురభి వారిలో వేషం వేసినవారే దిగి వచ్చి తెర తాడు పట్టుకునేవారని మా తాతయ్య చెప్పేవారు. ఇక్కడి చిన్న సమాజాలదీ ఆ తీరే. ప్రాప్స్ (నాటకంలో వాడే వస్తువులు) బల్ల దగ్గర రెండు సీజన్లు నిలబడిన మనిషికి మూడో సీజన్‌లో పెద్ద పాత్ర ఇవ్వడానికి కమిటీకి సంకోచం ఉండదు. ఈ నిలకడను గుర్తించే గౌరవం కూడా నోడాలో ఉంది. పాతికేళ్లు సేవ చేసినవారికి పతకం ఇస్తారు. మా సమాజంలో టికెట్లు చింపే ఒక పెద్దావిడ ఆ పతకం పెట్టుకుని వస్తే ప్రధాన నటులు లేచి కుర్చీ ఇస్తారు.

బ్రిస్టల్ నుంచి ఇంకొక జవాబు

మీకు నిజంగా పరిషత్తు వాతావరణమే కావాలంటే అది ఇక్కడ కూడా ఉంది. నోడా పురస్కారాలకు సంబంధం లేని రెండో దారి ఇది: ఆల్ ఇంగ్లండ్ థియేటర్ ఫెస్టివల్ పేరిట ఏటా జరిగే ఏకాంకికల పోటీ. తొలి దశలో గెలిచిన సమాజం పై దశలకు ఎక్కుతూ పోయి, ఇంగ్లండ్ ఫైనల్ గెలిస్తే, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ విజేతలతో కలిసి బ్రిటిష్ ఫైనల్‌లో ఆడుతుంది. అక్కడి విజేతకు ఇచ్చేది హోవార్డ్ డి వాల్డెన్ ట్రోఫీ.

మనకూ వారికీ పెద్ద తేడా న్యాయనిర్ణయంలో కనిపిస్తుంది. గిల్డ్ ఆఫ్ డ్రామా అడ్జుడికేటర్స్ (నాటక న్యాయనిర్ణేతల సంఘం) సభ్యుడొకరు ఆ రాత్రి ఆడిన నాటికలన్నీ చూసి, అదే రాత్రి వేదిక ఎక్కి, ప్రేక్షకులు, నటులు వింటుండగా ఒక్కొక్క నాటిక గురించి బహిరంగంగా మాట్లాడతారు. మార్కులు వందకు: నటనకు 40, దర్శకత్వానికి 35, రంగాలంకరణకు 15, ప్రయత్నం, కొత్తదనం, సాధించిన స్థాయి కలిపి 10. దర్శకుడికి నటనతో దాదాపు సమానంగా మార్కులుండడం గమనించండి. మన నాటికల్లో ఒక నటుడు ఏకబిగిన సంభాషణ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే సగం బహుమతి వచ్చినట్టే అనుకుంటాం కదా, ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. మా మొదటి ఏడాది నేను సరిగ్గా అదే చేశాను. అడ్జుడికేటర్ ఎంతో మర్యాదగా, చిరునవ్వుతో, ఆ సంభాషణ చెబుతున్నంతసేపూ మిగిలిన ముగ్గురు నటులు ఏం చేస్తున్నారో తనకు తెలియలేదని అన్నారు. నిజమే, వాళ్లు ఏమీ చేయడం లేదు, నేనే కదలవద్దన్నాను.

రెండో ప్రమాదం గడియారం. నాటిక 20 నిమిషాలకు తగ్గకూడదు, 55 నిమిషాలకు మించకూడదు. పరిషత్తులో గంట దాకా సాగే నాటికలకు అలవాటు పడ్డ నాకు అయిదు నిమిషాలు ఒక లెక్కా అనిపించింది. హాలులో ప్రేక్షకులు నవ్వినచోట నటులు ఆగాలి, ఆ ఆగడాలన్నీ కలిసి రిహార్సల్‌లో 54 నిమిషాలకు వచ్చిన మా నాటికను 57కు లాగాయి. జరిమానాగా మార్కులు పోయాయి, పై దశ పోయింది. ఆనాటి నుంచి మేము 48 దగ్గర తెర పడేలా కోస్తున్నాం. సెట్ వేయడానికి పది నిమిషాలు, తీయడానికి అయిదు నిమిషాలే ఉంటాయి కనుక, నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక కిటికీ చట్రం మించి ఏదీ మోసుకుపోవద్దు.

యార్క్‌షైర్ సభ్యురాలు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. నివేదికలోని ఆ వాక్యం ఇది: వెనక్కి తిరిగి ఉన్నప్పుడు కూడా పనిమనిషి వింటూనే ఉందని తెలిసింది. నిన్నటిదాకా దీన్ని ఏదో మర్యాదకు రాసిన మాట అనుకున్నాను, బ్రిస్టల్ వారి అనుభవం చదివాక మళ్లీ చదువుకున్నాను. మరొక సందేహం. నేను తెలుగులో రాసుకున్న ఒక చిన్న నాటిక ఉంది. దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చి ఈ ఏకాంకికల పోటీకి మా సమాజం తరఫున ఆడించవచ్చా? లేకపోతే మన పాత నాటకాల్లో ఒకటి తీసుకోవడం మంచిదా?

లెస్టర్ నుంచి మళ్లీ

ఆ వాక్యాన్ని దాచుకోండి. మా ప్రతినిధి నా గురించి అటువంటి మాట రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

మీ నాటికనే తీసుకోండి. ఇతరుల రచన ఆడాలంటే హక్కుదారు అనుమతి తప్పనిసరి, ఇక్కడి సమాజాలు ఆ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాయి. లైసెన్సు లేకుండా ఒక్క రాత్రి ఆడడానికైనా, అనుమతి లేకుండా ఒక్క సంభాషణ మార్చడానికైనా కమిటీ ఒప్పుకోదు. ఇక్కడి కాపీరైటు రచయిత మరణించిన సంవత్సరం తర్వాత 70 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో మరణించారు కనుక ఆయన మూల రచనకు ఆ చిక్కు లేదు, కానీ దాని ఇంగ్లిషు అనువాదం అనువాదకుల సొత్తు. పైగా కన్యాశుల్కాన్ని 48 నిమిషాలకు కోయడం ఎవరి తరం కాదు, కోస్తే చూడడం నా తరం కాదు. మీ సొంత రచనకు ఈ బాధలేవీ లేవు. అచ్చుకాని కొత్త ఏకాంకికకు బ్రిటిష్ ఫైనల్‌లో జెఫ్రీ విట్వర్త్ ట్రోఫీ అని ప్రత్యేకంగా ఉంది. 1919లో బ్రిటిష్ డ్రామా లీగ్‌ను స్థాపించిన వ్యక్తి పేరు అది.

ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు అత్తా కోడళ్ల పిలుపులను, వరుసలను అలాగే ఉంచండి. వాటిని మార్చి అందరినీ పేర్లతో పిలిపిస్తే మీ నాటికలో ఎవరు ఎవరికి భయపడుతున్నారో ప్రేక్షకులకు అందదు. ఒకటి రెండు సార్లు విన్నాక వారే అర్థం చేసుకుంటారు. చాలా సమాజాలు మరుసటి సీజన్‌కు నాటకాలు చదివి ఎంచుకునే సమావేశం నెలల ముందే పెట్టుకుంటాయి. ఆ తేదీ కనుక్కుని, దానికి ఒక నెల ముందు మీ ప్రతిని కమిటీకి ఇవ్వండి, ఒక సాయంత్రం సభ్యులతో గట్టిగా చదివించమని అడగండి. ఆ చదువుడులో ప్రధాన పాత్ర మీరు చదవకండి. ఎవరైనా స్థానికులకు ఇచ్చి, మీరు పక్కన కూర్చుని, వారి నాలుక ఎక్కడ తడబడుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.