జనాన్ని రప్పించాల్సింది పాడేవాళ్లా, వెన్యూ వాళ్లా?

మూడోతీగ:
సొంతంగా రాసుకున్న పాటలు గిటార్ మీద పాడుతూ చిన్న వెన్యూల్లో షోలు చేస్తుంటాను. ఈమధ్య బుకింగ్ కోసం ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎంతమందిని తీసుకొస్తారు?" పాట వినిపించమన్నవాళ్లు అరుదు. మొన్న ఒకాయన ఇంకాస్త ముందుకెళ్లి టికెట్ల కట్ట నా చేతిలో పెట్టి, అమ్ముడుపోనివాటి డబ్బు నేనే కట్టాలన్నాడు. కుదరదని వచ్చేశాను. పాడటం నా పని, జనాన్ని రప్పించడం వెన్యూ పని. ఇందులో పొగరేముంది? తోటి పాటగాళ్లే ఆ మాట అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను.

కౌంటర్‌వెనక:
నేను వెన్యూ నడిపేవాణ్ణి. తిట్టేముందు కాస్త వినండి. షో ఉన్నా లేకపోయినా అద్దె, కరెంటు, జీతాలు ఆగవు. షో పెడితే సౌండ్ ఆపరేటర్ ఖర్చు అదనం. ఎవరికీ తెలియని పాటలు పాడతానంటే, ఆ రాత్రి నష్టం వస్తే భరించేది నేనొక్కణ్ణే. ఎంతమంది వస్తారని అడిగేది అవమానించడానికి కాదు, వారం మధ్యలో పెట్టాలా, శనివారం ఇవ్వాలా అని తేల్చుకోవడానికి. పోస్టర్ చేయించి పంపితే సొంత పేజీలో కూడా పెట్టని కళాకారులున్నారు. ఖాళీ కుర్చీలు చూశాక మాత్రం పబ్లిసిటీ చేయలేదని మా మీదే పడతారు. టికెట్లు అంటగట్టడం తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను.

రాత్రిపాట:
కౌంటర్‌వెనక గారూ, మీ ఖర్చుల బాధ అర్థమైంది. కానీ మీరు లెక్కపెడుతున్నది శ్రోతల్ని కాదు, పాటగాడి స్నేహితుల్ని. కొత్తవాడి మొదటి షోకు ఎవరొస్తారు? ఆఫీసువాళ్లు, చెల్లెలి క్లాస్‌మేట్లు, మొహమాటపడి వచ్చే చుట్టాలు. రెండోసారికి అందులో సగం మంది. మూడోసారి మెసేజ్ పెడితే బొటనవేలు ఎమోజీ వస్తుంది, మనిషి రాడు. ఉన్న ఊళ్లోనే ప్రతి వారం పాడి బతకాలనుకునేవాడు ప్రతిసారీ ఎవర్ని పట్టుకురావాలి?

ఇంకోటి. ఒకే రాత్రి ముగ్గుర్ని పెట్టి, తలా ఇంతమందిని తెమ్మంటారు. మొదటివాడు దిగగానే అతని బ్యాచ్ లేచిపోతుంది. రెండోవాడు కుర్చీల చప్పుడులో మొదలుపెడతాడు. ఆ రాత్రి తలల లెక్క బాగానే ఉంటుంది గానీ, మీ వెన్యూకు అలవాటుగా వచ్చే శ్రోత ఒక్కడూ మిగలడు. "అక్కడ ఎవరు పాడినా బాగుంటుంది, వెళ్దాం పద" అనే పేరు వెన్యూకే రావాలి. మీరు విని, ఎంచి పెడితేనే ఆ పేరొస్తుంది. ఆ ఓపిక లేకపోతే అది వెన్యూ కాదు, అద్దె హాలు. (అద్దె హాలని ముందే చెప్పేస్తే ఎవరికీ గొడవ ఉండదు.)

టికెట్లు కొనిపించే పద్ధతీ కొత్తదేం కాదు. 1980ల్లో లాస్ ఏంజెలిస్ సన్‌సెట్ స్ట్రిప్ క్లబ్బుల్లో బ్యాండ్లు ముందే టికెట్లు కొని తామే అమ్ముకోవాల్సి వచ్చేది. అలాంటి చోట స్టేజీ దక్కేది బాగా పాడేవాడికి కాదు, కొనగలిగినవాడికి.

తలుపుదగ్గర:
నేను ఒప్పుకోను. పాడి వెళ్లిపోతాను, మిగతాది నాకు సంబంధం లేదనేవాళ్ల రేటు ఎప్పటికీ పెరగదు. జనం వెన్యూ వాళ్లయితే మీ బదులు రేపు ఇంకొకరు పాడినా వాళ్లకు ఒకటే. నా కోసం వచ్చేవాళ్లెవరో నాకు తెలుసు కాబట్టే రేటు అడిగే ధైర్యం నాకుంది. ప్రతి షో చివర వినడానికి ఇష్టపడ్డవాళ్ల నంబర్లు అడిగి రాసుకుంటాను. స్ట్రీమింగ్‌లో పెడితే జనం వాళ్లంతట వాళ్లే దొరుకుతారనుకోకండి. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు రికార్డింగ్ రాయల్టీయే రాదు.

అయితే జనాన్ని నేను తెస్తే డబ్బులో వాటా కూడా అలాగే ఉండాలి. గేట్ కలెక్షన్‌లో వాటా ఇస్తామన్నప్పుడు "ఖర్చులు పోగా" అనే మాట దగ్గర ఆగండి. ఏ ఖర్చులు, ఎంత, తలుపు దగ్గర లెక్కపెట్టేదెవరు? ఇవన్నీ షోకు ముందే మెసేజ్‌లో రాయించుకోండి. షో అయ్యాక అడిగితే అందరూ అలసిపోయి ఉంటారు, ఎంత చేతిలో పెడితే అంత పుచ్చుకుని వచ్చేస్తాం.

సౌండ్‌డెస్క్:
డెస్క్ వెనక నుంచి ఒక్క మాట. తలల లెక్కతో నడిచే షోల్లో ముందు ఎగిరిపోయేది సౌండ్ చెక్. ముగ్గురికీ కలిపి పావుగంట ఇస్తారు. అందరికీ తెలిసిన పాటైతే మాట సరిగా వినబడకపోయినా జనం మనసులో పూరించుకుంటారు. సొంత పాటకు ఆ వీల్లేదు. సాహిత్యం వినబడని కొత్త పాట ఎవరికి ఎక్కుతుంది? ఆ తర్వాత "ఈయనకు జనం రారు" అని మళ్లీ మీరే అంటారు.

లెక్కలరాగం:
అందరూ పాడేవాడి డబ్బు గురించే మాట్లాడుతున్నారు. మూడోతీగ పాట రాసినవారు కూడా, ఆ డబ్బు వేరు. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే స్వరకర్త పారిస్‌లో ఒక కేఫ్‌లో కూర్చుని ఉంటే అక్కడ ఆయన పాటే వాయించారు. నా పాటకు మీరు డబ్బివ్వనప్పుడు తాగినదానికి నేనెందుకివ్వాలని అడ్డం తిరిగాడు. కోర్టులో ఆయనే గెలిచాడు. ఆ గొడవ తర్వాతే 1851లో సాసెమ్ అనే రాయల్టీ సంఘం, అంటే పాట వాడుకున్నవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసి రాసినవాళ్లకు ఇచ్చే సంఘం, ఏర్పడింది. ఇప్పుడు అమెరికాలో ఆస్కాప్, బ్రిటన్‌లో పీఆర్ఎస్ అనే ఇలాంటి సంఘాలు చిన్న షోల్లో పాడిన సొంత పాటల జాబితాలు కూడా తీసుకుంటాయి. మీరున్న చోట ఇలాంటి సంఘం ఉంటే పాటలు నమోదు చేయించండి. కుర్చీలు నిండాయా లేదా అన్నదానితో సంబంధం లేని హక్కు అది.

రాత్రిపాట:
కథ బాగుంది గానీ, చిన్న వెన్యూల మీద వచ్చే ఆ డబ్బుతో గిటార్ తీగలు మార్చుకోవచ్చు, అంతే.

లెక్కలరాగం:
తీగలు మాత్రం ఊరికే వస్తాయా అండీ.

మూడోతీగ:
కౌంటర్‌వెనక గారూ, ఇలా అయితే ఒప్పుకుంటారా? తక్కువైనా సరే, ఒక గ్యారంటీ మొత్తం. గేట్ కలెక్షన్ అది దాటితే పైన వచ్చినదాంట్లో ఇద్దరికీ వాటా. పోస్టర్ నా పేజీలో పెడతాను, నాకు తెలిసిన శ్రోతలకు కబురు చేస్తాను. ఎంతమంది వస్తారో మాత్రం మాటివ్వను. అన్నిటికంటే ముందు మీరు నా పాటలు రెండైనా వినాలి.

కౌంటర్‌వెనక:
వింటాను. గ్యారంటీ ఇవ్వాలంటే నాదీ ఒక షరతు. షోకు ముందు రెండు వారాలు ఆ ఊళ్లో ఇంకెక్కడా పాడకూడదు. పక్క వీధిలో ఫ్రీగా వినిపించే మనిషికి నా దగ్గర టికెట్ ఎవరు కొంటారు?

తలుపుదగ్గర:
షరతు న్యాయమే, చాలాచోట్ల ఉన్నదే. అయితే ఆ రెండు వారాల్లో ఆయన వదులుకున్న షోల డబ్బు కూడా గ్యారంటీలో కలపండి.