ఫ్లాట్లలో స్ప్రింక్లర్లు: అవసరమా, దండగ ఖర్చా?

నాలుగో అంతస్తు:
హైదరాబాద్‌లో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. తెలంగాణలో నివాస భవనం 18 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ అనుమతి, అంటే ఫైర్ ఎన్‌ఓసీ కావాలి, మాది దాటదు. పాత నీళ్ల పైపులు ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి పనిలో పనిగా మంట లేస్తే పైకప్పు నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఫ్లాట్లలో కూడా పెట్టిద్దామని మీటింగ్‌లో అన్నాను. సగం మంది నా మీద లేచారు. మీరేమంటారు?

మియాపూర్ వాసి:
వద్దండీ. తాలింపు మాడితే చాలు ఇల్లంతా వాన కురుస్తుంది, సోఫాలు, టీవీ, కబోర్డులు అన్నీ పోతాయి. అసలు ఎండాకాలంలో తాగడానికే ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నాం.

ఫైర్ ఫిట్టింగ్:
నేను ఈ పనే చేస్తానండీ. స్ప్రింక్లర్ పొగకు పనిచేయదు, వేడికే. నీళ్లు చిమ్మే మూతిని హెడ్ అంటాం. హెడ్‌లో చిటికెన వేలిలో సగం కూడా లేని గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం ఉంటుంది. మామూలుగా ఇళ్లలో వాడే రకం 68 డిగ్రీలకు పగులుతుంది. ఎండుమిర్చి వేగి ఇల్లంతా దగ్గినా దానికి పట్టదు. పైగా వేడి తగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది, అన్నీ ఒకేసారి కురవడం సినిమాల్లోనే.

మియాపూర్ వాసి:
సరే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ 2025 మేలో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో మంటలంటుకుని 17 మంది పోయారు, 8 మంది పిల్లలే, ఎక్కువమందిని చంపింది పొగే. దిగడానికి ఉన్నది ఒక్క ఇరుకు మెట్ల దారి. ముందు మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు తీయించండి, స్మోక్ అలారాలు పెట్టించండి. చవకలో అయిపోతుంది.

నాలుగో అంతస్తు:
అవి రెండూ చేయాల్సిందే, కాదనను. కానీ మా అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, లిఫ్ట్ ఆగిన రోజు గుమ్మం దాటదు. రాత్రి రెండింటికి అలారం మోగి ఆమెను లేపిందే అనుకోండి, లేచి ఎక్కడికి వెళ్తుంది? మంట పుట్టిన గదిలోనే దాన్ని అణిచిపెడితే పొగా తగ్గుతుంది, ఆమెను ఎత్తుకుని దిగడానికి నాకు నాలుగు నిమిషాలైనా దొరుకుతాయి. నా బాధంతా ఇదే.

మియాపూర్ వాసి:
అర్థమైందండీ. మరి నీళ్లు?

ఫైర్ ఫిట్టింగ్:
ట్యాంకులో ఇళ్లకు వెళ్లే పైపును కాస్త ఎత్తులో, స్ప్రింక్లర్ పైపును అడుగున పెట్టాలి. ఎండాకాలంలో కుళాయిలు ఆగిపోయినా అడుగు నీళ్లు అలాగే ఉంటాయి. పై అంతస్తులకు ప్రెషర్ చాలదు, పంపు కావాలి, దానికి జనరేటర్ లైన్ ఇవ్వాలి. బోరు నీళ్లయితే ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఏటా చూపించుకోవాలి. ఆ ఖర్చు కూడా కలిపి మీటింగ్‌లో చెప్పండి, తర్వాత గొడవ ఉండదు.