జావా ల్యాబ్‌ల ప్రతిదానికి ‘స్టాటిక్’ తగిలిస్తున్నరు, ఎట్ల మాన్పించాలె?

నల్లగొండ_ల్యాబ్:
డిగ్రీ సెకండియర్‌కు జావా. 60 మంది, 30 సిస్టమ్‌లు, ఒక్కోదాని ముందు ఇద్దరు. క్లాస్ అంటే ఏందంటే గడగడ ఒప్పజెప్తరు. ప్రోగ్రామ్ ఇస్తే అంతా మెయిన్‌లనే (ప్రోగ్రామ్ మొదలయ్యే మెథడ్) రాస్తరు. ‘నాన్-స్టాటిక్ వేరియబుల్’ ఎర్రర్ రాంగనే అన్నిటి ముందల స్టాటిక్ (ఒక్క ఆబ్జెక్టుది కాదు, క్లాస్ మొత్తానిది అని చెప్పే మాట) పెడ్తరు, ఎర్రర్ పోతది, పనైందనుకుంటరు. వచ్చే వారం ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ చేసుడు) మొదలువెట్టాలె.

పాలమూరు_కంపైలర్:
సార్, ఇన్‌హెరిటెన్స్ ఒక వారం ఆపండి. ఆ వేరియబుల్ వడ్ల బస్తాల లెక్క అనుకోండి. ఆ ఎర్రర్ అడిగేది ఒక్కటే: బస్తాలు ఎవరివి, అంటే ఏ ఆబ్జెక్టువి (క్లాస్ అచ్చుతో చేసిన ఏ వస్తువువి)? మెయిన్ స్టాటిక్ కాబట్టి దాని చేతిలో ఏ ఆబ్జెక్టూ ఉండదు. జవాబు చెప్పకుండా స్టాటిక్ పెడితే కంపైలర్ ఊరుకుంటుంది గానీ, బస్తాలు ఉమ్మడి ఆస్తి అయిపోతాయి.

వడ్లలాట్ అని ఒక క్లాస్ ఇవ్వండి: రైతు, బస్తాలు రెండే ఫీల్డులు. బస్తాలకు కావాలనే స్టాటిక్ పెట్టించండి. 40 బస్తాలతో ఒక లాట్, 25తో ఇంకోటి చేసి, ఆ తర్వాతే రెండూ ప్రింట్ చేయించండి. రన్ కొట్టకముందే జవాబు కాగితం మీద రాయించాలి, అసలు పని అక్కడే జరుగుతుంది. 40, 25 అని రాస్తారు. వచ్చేది 25, 25. మెయిన్ వేరే ఫైల్లో ఉండాలి, లేకుంటే మళ్లీ పాత రోగమే.

కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ఇంకో రెండు చూసుకోండి. పారామీటర్‌కూ ఫీల్డుకూ ఒకే పేరు పెట్టి ‘దిస్’ (ఈ ఆబ్జెక్టు ఫీల్డే అని చెప్పే మాట) మరిచిపోతే ఫీల్డులో సున్నా అలాగే ఉంటుంది, ఎర్రర్ రాదు. ముందు ‘వాయిడ్’ రాస్తే అది మామూలు మెథడ్ అయిపోతుంది. ఆర్గ్యుమెంట్లు లేనిదైతే కంపైలర్ కూడా పట్టుకోదు.

దేవరకొండ_బాణం:
దీనికి తోడు బొమ్మ గీయించుర్రి. ఎడమకు పేర్లు, కుడికి ఆబ్జెక్టులు, నడుమ బాణాలు. ‘లాట్2 = లాట్1’ అంటే జిరాక్స్ తీసినట్టనుకుంటరు పిల్లలు. ఇంట్ల చిన్నోడు, హాజరు పట్టీల శ్రీనివాస్, మనిషైతే ఒక్కడే. చిన్నోనికి గుండు కొట్టిస్తే శ్రీనివాస్‌కు జుట్టుంటదా?

ఆబ్జెక్టును పుట్టించే ‘న్యూ’లు లెక్కపెట్టమను, ఆబ్జెక్టులు అన్నే. (స్ట్రింగులను ఈ లెక్కల కలపకుర్రి, కొటేషన్‌ల రాస్తే న్యూ లేకుండనే వస్తయి.) 5 లాట్ల అరే (అరల వరుస) చేసినప్పుడు ఉన్నది ఒక్క న్యూ, అది అరేకే సరిపాయె. అయిదు అరలల్ల నల్, అంటే ఏ ఆబ్జెక్టూ లేదు. లూప్‌ల ఇంకో అయిదు న్యూలు పడకముందే బస్తాలు అడిగితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్.

నల్లగొండ_ల్యాబ్:
మంచిగుంది. మరి ఇన్‌హెరిటెన్స్‌కు పుస్తకాలల్ల ఉండే జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణేనా?

అచ్చంపేట_డిపో:
కుక్క మొరిగితే ఎవరికి ఒరిగేదేముంది? ఆర్టీసీ బస్సు పట్టుకోండి. మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు జీరో టికెట్, డీలక్స్‌లో డబ్బులు కట్టాలి. మొదట పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిటికే ఇఫ్-ఎల్స్‌తో రాయించండి: టికెట్ ధర ఒక మెథడ్, జీరో టికెట్ వర్తిస్తుందా అనేది ఇంకో మెథడ్. తర్వాత డీలక్స్ చేర్చమనండి. ఎన్నిచోట్ల దిద్దారో లెక్కపెట్టించండి, ఎవరో ఒకరు ఒకచోట మరిచిపోయే ఉంటారు. అప్పుడు బస్ అనే పేరెంట్, ఒక్కో సర్వీసుకు ఒక్కో క్లాస్. బస్సులన్నీ ఒకే అరే లిస్ట్‌లో పెట్టి లూప్ తిప్పితే, డీలక్స్ కోసం కొత్త ఫైలు ఒకటి వస్తుంది, లూప్ ముట్టుకోనక్కర్లేదు.

ఓవర్‌రైడ్ అనొటేషన్ (పేరెంట్ మెథడ్‌నే చైల్డ్‌లో మళ్లీ రాస్తున్నామని చెప్పే గుర్తు) తప్పనిసరి చేయండి. పేరెంట్‌లో కిలోమీటర్లు ఇంట్, చైల్డ్‌లో డబుల్ అని రాస్తే అది వేరే మెథడ్. పేరెంట్ ధరే వస్తుంటుంది, ఎందుకో అర్థం కాదు. ఆ గుర్తు ఉంటే కంపైలరే పట్టుకుంటుంది.

సిస్టమ్‌కు ఇద్దరుంటే మంచిదే. ఒకరు టైప్ చేయాలి, ఒకరు బాణాలు గీయాలి, 20 నిమిషాలకోసారి మారాలి.

నల్లగొండ_ల్యాబ్:
జీరో టికెట్‌కు ఆధార్ చూసే కోడ్ బస్ క్లాస్‌లనే పెట్టాల్నా?

అచ్చంపేట_డిపో:
వద్దు సార్. ప్రయాణికుడు అని వేరే క్లాస్ చేయించి అందులో పెట్టండి. బస్సు ‘అర్హత ఉందా’ అని అడిగితే చాలు.