ఒసాకాలో ఒకే ఒక్క సాయంత్రం: మాంసం ముట్టని అత్తమ్మను దోటోన్‌బోరికి తీసుకువెళ్ళవచ్చా?

నల్లగొండ కోడలు:

నవంబరు చివరి వారంలో మా వారి ఉద్యోగ పని మీద జపాన్ వెళ్తున్నాం. ఒసాకాలో మాకు దక్కేది ఒక్క సాయంత్రమే, మరుసటి రోజు పొద్దున్నే టోక్యో రైలు ఎక్కాలి. అక్కడ కాలువ ఒడ్డున దీపాలతో వెలిగే దోటోన్‌బోరి బజారు చూడకుండా రావద్దని అందరూ చెబుతున్నారు. మాతో అత్తమ్మ కూడా వస్తున్నారు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. పదిహేనేళ్ళ కింద మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేశారు. పండుగ ముందు రోజు మా క్లాక్ టవర్ సెంటర్ రద్దీలోనే ఆమెకు ఊపిరాడదు. అయినా పుట్టపాకలో నలభై ఏళ్ళు చిటికి కట్టి, అంటే నూలుకు ముడులు వేసి రంగులద్ది, మగ్గం నేసిన మనిషి కాబట్టి, రంగులన్నా బజారన్నా ఆమెకు ప్రాణం. హోటల్ గదిలో వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఆమె ఏం తినగలరో తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు నుంచి ఒసాకాకు:

అమ్మా, తప్పకుండా తీసుకురండి. నేను ఈ ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాను, మా అమ్మానాన్నలను కూడా ఇదే దారిలో తిప్పాను. అందరూ నంబా స్టేషన్‌లో దిగి నేరుగా గుంపులో పడతారు. మీరు మిదోసుజి మెట్రో లైన్‌లో దానికి ఒక స్టేషన్ ముందే, షిన్‌సాయ్‌బాషిలో నాలుగు గంటలకల్లా దిగండి. పక్కనే దాయ్‌మారు అనే పెద్ద దుకాణం ఉంది. 1726లో ఒసాకాలో అది మొదలైనప్పుడు అమ్మింది కిమోనో బట్టలే కాబట్టి మీ అత్తమ్మగారికి ఆ సంగతి చెప్పండి. ఇటువంటి పెద్ద దుకాణాల్లో లిఫ్టు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటాయి, కాసేపు కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది. ఆమెను అక్కడ పావుగంట కూర్చోబెట్టి బయలుదేరండి, ఎందుకంటే బయట వీధిలో కూర్చునే చోటు దొరకడం కష్టం.

అక్కడి నుంచి దక్షిణంగా షిన్‌సాయ్‌బాషి-సుజి అనే బజారు వీధి సుమారు 600 మీటర్లు సాగుతుంది. పైన కప్పు ఉంటుంది కాబట్టి వాన వచ్చినా తడవరు, నేల చదునుగా ఉంటుంది, కార్లు, ఆటోల బెడద లేదు. నవంబరు చివర ఇక్కడ ఐదు గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. నెమ్మదిగా నడిచి వీధి చివరనున్న ఎబిసు వంతెన చేరేసరికి దీపాలు వెలుగుతుంటాయి. చేతులు పైకెత్తి పరుగెత్తే గ్లికో మిఠాయి కంపెనీ ప్రకటన బొమ్మ కనిపించేది ఆ వంతెన మీది నుంచే. మొదటిది 1935లో పెట్టారు, ఇప్పుడున్న ఎల్‌ఈడీ బోర్డు 2014లో వచ్చిన ఆరోది. వంతెన మీద ఫొటోల కోసం తోపులాట ఉంటుంది కాబట్టి ఆమెను అక్కడ నిలబెట్టకండి. కిందికి దిగితే కాలువ ఒడ్డునే నడకదారి ఉంది, నీళ్ళలో రంగులు కదులుతుండగా చూడటానికి అదే మంచి చోటు. ఆ కాలువను 1612లో దోటోన్ అనే ఆయన తవ్వించడం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయన చనిపోయాక 1615లో బంధువులు పూర్తి చేశారు. కాలువకు ఆయన పేరే పెట్టారు.

చివరగా హోజెన్‌జి గుడికి వెళ్ళండి. అంత గోల వీధి నుంచి ఒక్క మలుపు తిరిగితే రాతి పలకల సందు, కాగితపు లాంతర్లు, అగరుబత్తి వాసన. అక్కడి ఫుదో మ్యోఓ విగ్రహం మీద భక్తులు గరిటెతో నీళ్ళు పోసి మొక్కుకుంటారు. ఏళ్ళ తరబడి పోసిన నీళ్ళకు విగ్రహం ముఖం కూడా కనబడనంతగా పచ్చని నాచు పట్టింది. ఆ దేవుడి సంస్కృత నామం అచలుడు. మా అమ్మ చెంగు తలమీద కప్పుకుని, గరిటెడు నీళ్ళు పోసి, అక్కడి నుంచి పది నిమిషాలు కదలలేదు.

మిర్యాలగూడ మాస్టారు:

దారి చక్కగా చెప్పారు, తిండి సంగతి నేను చెబుతాను. నిరుడు మా చెల్లెలితో వెళ్ళాను, ఆమె కూడా శాకాహారి. దోటోన్‌బోరిలో బాగా పేరున్న తకోయాకిని మన పొంగనాల పెనం లాంటి గుంతల పెనం మీద చేస్తారు. వంటాయన రెండు సూదుల్లాంటి పుల్లలతో ఒక్కో ఉండను అంచు నుంచి విడదీసి, సగం తిప్పి, పొంగి బయటికొచ్చిన పిండిని మళ్ళీ గుంతలోకే నెడుతుంటే మా చెల్లెలు కళ్ళప్పగించి చూసింది. చూడటం వరకే, ఎందుకంటే లోపల ఉండేది ఆక్టోపస్ ముక్క. ఆ ముక్క వేయకపోయినా పిండిని చేపల నుంచి తీసిన దాషి రసంతో కలుపుతారు. క్యాబేజీతో చేసే ఒకోనోమియాకి అనే అట్టుదీ అదే కథ, రెండింటిలోనూ మామూలుగా గుడ్డు కూడా ఉంటుంది. ఉదోన్ నూడుల్స్ రసం కూడా దాషియే. కాబట్టి "మాంసం లేదు కదా" అని అడిగితే చాలదు, దాషి గురించి విడిగా అడగాలి. జపనీస్‌లో రాసిన ఒక చీటీ చేతిలో పెట్టుకోండి.

ఆమెకు సరిపడేది కాల్చిన గెనుసుగడ్డ, మనవైపు కందగడ్డ అంటాం కదా, అదే. చలికాలంలో సూపర్‌మార్కెట్లలో వేడివేడిగా అమ్ముతారు. ఉప్పు మాత్రమే కలిపిన అన్నం ముద్దలు కూడా దొరుకుతాయి. ఇంటి నుంచి సకినాలు తెచ్చుకుంటే ఇంకా నిశ్చింత. మాంసంతో చేసిన పచ్చళ్ళు మాత్రం ఎవరి కోసమూ మూట కట్టకండి, ఆ దేశంలోకి రానివ్వరు.

మరో మాట. వీధిలో నవ్వుతూ పిలిచే కుర్రాళ్ళ వెంట వెళ్ళకండి. మేము ఒకరి మాట నమ్మి మేడ మీది హోటల్‌కు ఎక్కాం. అడగకుండానే చిన్న గిన్నెల్లో ఏదో పెట్టారు, చివరికి దానికీ, కూర్చున్నందుకూ మనిషికింత అని బిల్లు వేశారు. చిన్న గిన్నెకు డబ్బు తీసుకోవడం అక్కడి ఇజకాయాల్లో, అంటే మందుతో పాటు తిండి పెట్టే హోటళ్ళలో, మామూలేనని తరువాత తెలిసింది, కానీ మాకు ముందు చెప్పిన ధర వేరు, కట్టింది వేరు. ఆ రాత్రి మా చెల్లెలు ఆకలితోనే పడుకుంది, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ధర బయట రాసి ఉన్న చోటే కూర్చోండి.

నల్లగొండ కోడలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ జవాబులు అత్తమ్మకు చదివి వినిపించాను. అచలుడి మీద నీళ్ళు పోయాలని ఇప్పటి నుంచే అంటున్నారు. ఇంకో మాట అడగమన్నారు, అక్కడ కూడా నూలుకు ముడులు వేసి రంగులద్దే నేత ఉందా?

పాలమూరు నుంచి ఒసాకాకు:

ఉందమ్మా, దాన్ని కసురి అంటారు. నేయకముందే నూలును అక్కడక్కడ కట్టి రంగులో ముంచుతారు, అచ్చం మన చిటికి పనే. కిమోనో బట్టలు అమ్మే దుకాణం కనిపిస్తే "కసురి" అని ఒక్క మాట అడగండి, చూపిస్తారు. ఎక్కువగా నీలిమందు రంగు మీద తెల్లటి బొమ్మలు ఉంటాయి. ఆ తెలుపు అంచులు కొంచెం చెదిరినట్టు ఎందుకుంటాయో మనకు వాళ్ళు చెప్పనక్కరలేదు, మీ అత్తమ్మగారే వేలు పెట్టి చూపిస్తారు.