మామిడిపండ్లు మానేస్తే సెగగడ్డలు తగ్గుతాయా? వేసవి తిండి, చెమటకాయలు, ఎండ నలుపు

పెరటిజామ:
మాది విజయవాడ. పాపకు 7 ఏళ్లు, బాబుకు 12. ఎండలు ముదిరితే చాలు పాపకు మెడ, వీపు నిండా చెమటకాయలు, బాబుకు తొడల మీద, పిరుదుల మీద సెగగడ్డలు. ఒంట్లో వేడి చేసిందని అత్తయ్యగారు ఇద్దరికీ మామిడిపండ్లు మాన్పించారు. రోజూ కొబ్బరినూనె రాసి నలుగు పెడుతున్నాం, స్నానమయ్యాక పౌడరు చల్లుతున్నాం. అయినా తగ్గట్లేదు. మావారిది రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. చేతులు నల్లబడ్డాయని నిమ్మచెక్కతో రుద్దుకుంటున్నారు. పండ్లు మానడం అవసరమా? పైపూతలు ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి? పొద్దున్నే చలవ చేసేలా ఏం పెట్టాలి? కొలతలతో చెబితే మేలు.

వేపరెమ్మ:
ముందుగా నూనె, నలుగు, పౌడరు మూడూ ఆపేయండి. పాపకు తగ్గకపోవడానికి సగం కారణం అవే.

చెమట బయటికొచ్చే సన్నటి దారులు మూసుకుపోతే చెమట చర్మం కిందే నిలిచిపోయి చుట్టూ వాస్తుంది. అదే చెమటకాయ. నూనె ఆ దారుల్ని ఇంకా మూసేస్తుంది. బరక సున్నిపిండితో రుద్దితే కాయలు చిట్లి పుండవుతాయి. పౌడరు చెమటతో కలిసి మెడ మడతల్లో ముద్దకడుతుంది. పాపకు రోజుకు రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేయించండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద ఒళ్లు పూర్తిగా ఆరాకే బట్టలు వేయండి. దురద ఉంటే కాలమైన్ లోషన్ సీసా బాగా కుదిపి దూదితో పలచగా అద్దండి, రోజుకు రెండు మూడుసార్లు. బట్టలు వదులుగా ఉండే నూలువి కావాలి. జుట్టు మెడ మీద పడకుండా పైకి కట్టండి. ఒళ్లు చల్లగా ఉంటే నాలుగైదు రోజుల్లో వాటంతటవే మాడిపోతాయి. కాయల్లో చీము కనబడినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

బాబు సంగతి వేరు. సెగగడ్డ తిండి వేడి వల్ల రాదు. వెంట్రుక కుదుట్లోకి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా దిగడం వల్ల వస్తుంది. అది మామూలుగానే కొందరి ముక్కులో, చర్మం మీద ఉంటుంది. బిగుతు జీన్సు, చెమట, గంటలకొద్దీ కూర్చోవడం, గోళ్లతో గీరడం తోడైతే లోపలికి దిగుతుంది. వేసవిలో ఎక్కువ కావడానికి ఇదే కారణం. మామిడిపండ్లూ అదే నెలల్లో వస్తాయి కాబట్టి నింద వాటి మీద పడింది.

గడ్డ లేస్తుంటే శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి 10-15 నిమిషాలు కాపడం పెట్టండి, రోజుకు మూడు నాలుగుసార్లు. దానంతట అది పగిలితే చీము తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, గాజుగుడ్డ కట్టండి. పిండకూడదు, పిన్నుతో గుచ్చకూడదు. ముక్కు మీద, పై పెదవి మీద లేచిన గడ్డను అస్సలు ముట్టుకోకండి. సున్నం-బెల్లం పట్టు కూడా వద్దు, సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది. అతని తువ్వాలు, లోదుస్తులు, దుప్పటి వేడినీళ్లలో విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. ఒకే తువ్వాలు అందరూ వాడే ఇళ్లలో ఇవి ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంటాయి. గడ్డలు మళ్లీ మళ్లీ వస్తున్నా, ఒకేసారి రెండు మూడు లేచినా, జ్వరం ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మాటిమాటికీ వస్తుంటే షుగరు పరీక్ష కూడా చేస్తారు.

రసాలతోట:
పండ్లు పెట్టండి. మామిడి వల్ల చర్మానికి నిజంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. అది పండు గుజ్జుతో కాదు, సొనతో. ముచ్చిక తుంచగానే కారే జిగురులో చర్మాన్ని రేపే పదార్థం ఉంటుంది. మనవైపు రసాలను పిసికి, ముచ్చిక దగ్గర కొరికి జుర్రుకుంటాం కదా, సొన నేరుగా పెదవులకు అంటేది అప్పుడే. మరుసటి రోజో, రెండో రోజో మూతి చుట్టూ ఎర్రగా పొక్కులు లేస్తాయి. దాన్నీ వేడి అనే అంటారు.

ముచ్చిక తీసి, పండ్లను బకెట్ నీళ్లలో గంట రెండు గంటలు నానబెట్టండి. తర్వాత ముచ్చిక భాగం వేలితో రుద్ది కడగండి. రసమైతే పిసికాక మొదట వచ్చే రెండు మూడు చుక్కలు పిండి పారేయండి. పిల్లలకు రసం గిన్నెలోకి పిండి ఇవ్వడం ఇంకా మంచిది. నానబెట్టడం వల్ల పండు చలవ కాదు, సొన, దుమ్ము వదులుతాయంతే. కార్బైడుతో మాగేయడం చట్టప్రకారం నిషేధం. అయినా మార్కెట్లో దొరుకుతుంటాయి. కాయంతా ఒకే తీరుగా పసుపు తిరిగి, వాసన లేకుండా, లోపల గట్టిగా పుల్లగా ఉంటే అనుమానించాల్సిందే. పచ్చివి కొని గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగబెట్టుకుంటే ఆ బెంగ ఉండదు.

చద్దిమూట:
పొద్దున్నే అంబలికి మించింది లేదండి. మనిషికి 2 టేబుల్ స్పూన్ల రాగిపిండి. రాత్రి అర గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. పొద్దున 2 గ్లాసుల నీళ్లు మరగబెట్టి, పిండినీళ్లను గరిటెతో తిప్పుతూ పోసి, సన్నసెగ మీద 8-10 నిమిషాలు ఉడికించండి. పచ్చివాసన పోయి గరిటె మీద పలచటి పొరలా నిలిస్తే దించేయొచ్చు. పూర్తిగా చల్లారాకే అర గ్లాసు మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు ఉప్పు. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది, చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. మే నెలలో పిండి 8 గంటలకు మించి నానితే పులుపెక్కి పిల్లలు ముట్టరు, అందుకని పడుకునే ముందు కలపండి.

చద్దన్నమైతే రాత్రి వండిన అన్నం ఆవిరి పోగానే మునిగేలా నీళ్లు పోసి, ఒక స్పూను పెరుగు కలపాలి. మధ్యాహ్నం వండి సాయంత్రం దాకా గదిలో ఉంచిన అన్నం దీనికి పనికిరాదు. అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు. తీగ సాగుతుంటే పారబోయండి.

మజ్జిగకు ఒక గ్లాసు పెరుగుకు నాలుగు గ్లాసుల నీళ్లు, దంచిన అల్లం, కరివేపాకు, వేయించిన జీలకర్ర. సబ్జా గింజలు ఒక టీస్పూను గ్లాసు నీళ్లలో 15-20 నిమిషాలు నాని బాగా ఉబ్బాకే తాగాలి. పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. తాటిముంజల పైపొర ఒలిచి పెట్టండి, వగరుతో కడుపునొప్పి వస్తుంది. మధ్యాహ్నం కూర దోసకాయ పప్పో, సొరకాయో, బీరకాయో ఉంటే నీళ్లు తిండిలోనే అందుతాయి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పండ్లరసాలు కొనకండి. తీపి ఎక్కువగా ఉండే తిండి మొటిమల్ని పెంచుతుంది. 12 ఏళ్ల బాబుకు ఇక ఆ వయసు వస్తోంది.

పెరటిజామ:
అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో సందేహం. అత్తయ్యగారికి బీపీ, షుగరు ఉన్నాయి. ఆవిడకూ ఇవే పెట్టొచ్చా? మావారి చేతుల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

చద్దిమూట:
ఆవిడ మజ్జిగలో, అంబలిలో ఉప్పు వేయకండి. మనిషికి రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను ఉప్పే పరిమితి. ఆవకాయ, వడియాలు, ఊరమిరపకాయల్లోనే అందులో చాలా భాగం వెళ్లిపోతుంది. మామిడిపండు భోజనం పైన కాకుండా, విడిగా సాయంత్రం ఒక చెంప చాలు. ఆ పూట అన్నమో చపాతీయో తగ్గించాలి. షుగరు అదుపులో లేకపోతే అదీ డాక్టర్ని అడిగాకే. ఆవిడకు కిడ్నీ సమస్య కూడా ఉంటే కొబ్బరిబోండాలు సొంతంగా మొదలుపెట్టొద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.

మీవారు ఎండలో తిరిగేటప్పుడు 15-20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. బాగా చెమటోడిన రోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు. గ్లాసులో సగం పొడి వేసి కలపడం తప్పు, ఉప్పు గాఢత పెరిగిపోతుంది.

వేపరెమ్మ:
నిమ్మచెక్క ఈరోజే ఆపించండి. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే కాలిన గాయంలా బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లచారలు మిగులుతాయి. నలుపు పోవాలని రుద్దేదే నలుపు పెంచుతోంది. రోడ్డు మీద నిమ్మసోడా తాగి చేతులకు రసం అంటినా కడిగి బండెక్కాలి.

చేతులకు అన్నిటికంటే బాగా పనిచేసేది దట్టంగా నేసిన నూలు పొడుగు చేతుల చొక్కా. పలచటి తెల్ల చొక్కాలోంచి ఎండ దిగుతుంది, ముదురు రంగు నయం. ముఖానికి, మెడకు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, ట్యూబు మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే అదీ కొలత. చాలామంది శనగగింజంత రాసి పనిచేయలేదంటారు. బయల్దేరడానికి 15-20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి చెమట తుడిచి మళ్లీ రాయాలి. చెవులు, మెడ వెనక, ముంజేతుల పైభాగం మరిచిపోతుంటారు. ఇలా చేసినా పాత నలుపు విరగడానికి కొన్ని వారాలు పడుతుంది.

గజ్జల్లోనో నడుం దగ్గరో గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి దురద పెడితే అది చెమటకాయ కాదు, తామర. మందులషాపులో అడిగి తెచ్చే ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెటామెథసోన్ అనో ఉంటే వాడొద్దు. అవి స్టెరాయిడ్లు. రెండు రోజులు దురద తగ్గించి, తామరను లోపల్లోపల పాకిస్తాయి. ఉత్త క్లోట్రిమజోల్ రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక ఇంకో 2 వారాలు ఆపకుండా రాయాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ ఒకేసారి మొదలుపెట్టాలి, లేకపోతే ఒకరికి తగ్గేలోపు ఇంకొకరి నుంచి మళ్లీ అంటుకుంటుంది.